పన్ను బకాయి నోటీసు

చట్టప్రకారం కట్టవలసిన పన్ను, వడ్డీ, జరిమానాల్లో ఇంత మొత్తం మిగిలి ఉందని, దాన్ని ఫలానా గడువులోగా చెల్లించాలని పన్ను అధికారి ఇచ్చే లిఖితపూర్వక తాఖీదే పన్ను బకాయి నోటీసు. ఆదాయపు పన్నులో దీన్ని డిమాండ్ నోటీసు అంటారు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో దీనికి ఆధారం సెక్షన్ 156. వాడుకలో మాత్రం ఆదాయపు పన్ను శాఖ నుంచి ఏ కాగితం వచ్చినా, ఏ ఈమెయిల్ వచ్చినా "ఇన్‌కం ట్యాక్స్ నోటీసు వచ్చింది" అనే అంటారు. లెక్క సరిపోయిందని తెలిపే సమాచారం, వివరణ అడిగే లేఖ, డబ్బు కట్టమనే డిమాండ్ వేర్వేరు. వాటిని పోల్చుకోలేకపోతే ఒకరు అక్కరలేని భయంతో నిద్ర మానుకుంటారు, మరొకరు కట్టవలసిన గడువు దాటేస్తారు.

ఈ వ్యాసంలోని సెక్షన్ల సంఖ్యలు 1961 చట్టానివి. దాని స్థానంలో 536 సెక్షన్లతో తెచ్చిన 2025 ఆదాయపు పన్ను చట్టానికి 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. అంతకు ముందటి సంవత్సరాల బకాయిలకు పాత చట్టమే వర్తిస్తుంది.

చరిత్ర

బకాయి, వసూలు, జప్తు, తాఖీదు అనే మాటలన్నీ అరబ్బీ, పారసీల నుంచి రెవెన్యూ కచేరీల మీదుగా తెలుగులోకి వచ్చినవే. శిస్తు కట్టనివారి ఆస్తిని జప్తు చేసి వేలం వేసే పద్ధతికి మద్రాసు ప్రెసిడెన్సీలో 1864 రెవెన్యూ రికవరీ చట్టం రూపమిచ్చింది. ఆర్.ఆర్. యాక్ట్ అనే పొట్టి పేరుతో ఆ చట్టం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నేటికీ వాడుకలో ఉంది.

భారతదేశంలో ఆదాయపు పన్ను 1860లో మొదలైంది. 1857 తిరుగుబాటు తర్వాత ఖాళీ అయిన ఖజానాను నింపడానికి నాటి ఆర్థిక సభ్యుడు జేమ్స్ విల్సన్ దాన్ని తెచ్చాడు. ఆ పన్ను అమలైన జూలై 24ను శాఖ ఇప్పటికీ ఆయకర్ దివస్‌గా జరుపుకుంటుంది. 1886, 1922 చట్టాల తర్వాత 1961 చట్టం వచ్చింది. 1962 ఏప్రిల్ 1 నుంచి అది అమలైంది.

పన్ను కట్టకపోవడమే రాజకీయ నిరసనగా మారిన ఘట్టాలు తెలుగు నేలమీద ఉన్నాయి. మునిసిపాలిటీ పన్నుల భారానికి నిరసనగా 1921లో చీరాల–పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లనే ఖాళీ చేసి రామనగర్ అనే తాత్కాలిక నివాసంలో నెలల తరబడి గడిపారు. ఆ తర్వాత గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి ఆధ్వర్యంలో రైతులు శిస్తు నిరాకరించి జప్తులను ఎదుర్కొన్నారు. స్వతంత్ర భారత రాజ్యాంగం 265వ అధికరణంలో ఒక గట్టి హద్దు గీసింది: చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు. నోటీసుకు జవాబు చెప్పుకునే హక్కుకు మూలబలం ఇదే.

బకాయి ఎలా పుడుతుంది

పన్ను ఎగవేసే ఉద్దేశం బొత్తిగా లేనివారికీ బకాయి నోటీసులు వస్తాయి. చిన్న మొత్తాల నోటీసుల వెనక లెక్కల పొరపాట్లే తరచుగా కనిపిస్తాయి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారి సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఇద్దరు యజమానులూ తమ దగ్గర పనిచేసిన నెలలకే విడివిడిగా పన్ను లెక్క వేస్తారు. పన్ను పడని పరిమితినీ ప్రామాణిక తగ్గింపునూ ఇద్దరూ మినహాయిస్తారు. రిటర్నులో రెండు జీతాలూ కలిసేసరికి ఒక మినహాయింపే మిగులుతుంది, పన్ను తేలుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మరిచిపోవడం మరో కారణం. బ్యాంకు మూలంలోనే 10 శాతం పన్ను (టీడీఎస్) కోసింది కదా, ఇక పని అయిపోయిందనుకుంటారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి ఇంకా 20 శాతం మిగిలే ఉంటుంది. చలానాలో మదింపు సంవత్సరం తప్పు పడడం మరీ మామూలు. 2023–24లో సంపాదించిన ఆదాయానికి మదింపు సంవత్సరం 2024–25. పొరపాటున 2023–24ను ఎంచుకుంటే కట్టిన డబ్బు వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది. కొత్త చట్టం ఈ రెండు పేర్ల గందరగోళం తీసేసి 'పన్ను సంవత్సరం' అనే ఒక్క మాటను తెచ్చింది.

అన్నిటికంటే అన్యాయంగా తోచేది యజమాని జీతంలోంచి టీడీఎస్ కోసి ప్రభుత్వానికి జమ చేయకపోవడం. ఉద్యోగి పేర జమైన పన్నును చూపే 26ఏఎస్ పట్టికలో ఆ సొమ్ము కనిపించదు కాబట్టి కంప్యూటర్ అతని మీద డిమాండ్ వేస్తుంది. చట్టం మాత్రం ఉద్యోగి పక్షానే ఉంది. కోత కోసిన మేరకు పన్నును అతని నుంచి మళ్లీ అడగరాదని సెక్షన్ 205 చెబుతోంది. ఇలాంటి బకాయిని బలవంతంగా వసూలు చేయవద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్‌లో, మళ్లీ 2016 మార్చిలో అధికారులకు ఆదేశాలిచ్చింది. ఈ సంగతి తెలియక రెండోసారి పన్ను కట్టేవారు ఉండడం బాధాకరం. జీతం స్లిప్పులు, కోత తర్వాతి జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ ఇక్కడ ముఖ్య సాక్ష్యాలు.

నిబంధన చదవడంలో తేడా వల్ల ఒకేసారి ఎందరికో డిమాండ్లు వచ్చిన సందర్భమూ ఉంది. షేర్లపై స్వల్పకాలిక లాభం వంటి ప్రత్యేక రేటు ఆదాయానికి సెక్షన్ 87ఎ రిబేటు వర్తిస్తుందా అన్న వివాదం 2024లో రేగి బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. ముందు రిబేటు ఇచ్చి, తర్వాత రద్దుచేసి, బకాయి చూపిన కేసుల్లో 2025 డిసెంబరు 31లోగా అసలు కట్టినవారికి ఆలస్యపు వడ్డీ మాఫీ చేస్తామని బోర్డు 2025 సెప్టెంబరులో ప్రకటించింది.

నోటీసుల రకాలు

రిటర్ను దాఖలయ్యాక దాన్ని బెంగళూరులోని కేంద్రీకృత ప్రాసెసింగ్ కేంద్రం, అంటే సీపీసీ, యంత్రం మీద సరిచూస్తుంది. ఆ ఫలితమే సెక్షన్ 143(1) ఇంటిమేషన్. రిఫండు గానీ, సున్నా గానీ, బకాయి గానీ అందులో తేలుతుంది. బకాయి తేలితే ఆ ఇంటిమేషనే డిమాండ్ నోటీసు కిందికి వస్తుంది, వేరే కాగితం కోసం ఎదురుచూడనక్కర్లేదు. రిటర్నులో మార్పులు చేసే ముందు 143(1)(ఎ) కింద ప్రతిపాదన పంపి 30 రోజుల్లో జవాబు అడుగుతారు.

రిటర్నులో లోపం ఉంటే 139(9) నోటీసు వస్తుంది, దిద్దుకోవడానికి 15 రోజులిస్తారు. వివరాలు అడగడానికి 142(1), లోతైన పరిశీలనకు 143(2) నోటీసులున్నాయి. రెండోదాన్ని రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోపే ఇవ్వాలి. పాత ఏడాదిని తిరగదోడాలంటే ముందు 148ఎ కింద సంజాయిషీ అడిగి, తర్వాతే 148 నోటీసు ఇవ్వాలి. 2024 సవరణ ప్రకారం దానికి గడువు మదింపు సంవత్సరం చివరి నుంచి మూడేళ్ల మూడు నెలలు. లెక్కకు రాని ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటే ఐదేళ్ల మూడు నెలలు. ఇవేవీ బకాయి నోటీసులు కావు. జవాబు లేకపోతే మాత్రం చివరికి బకాయిగా తేలేది వీటిలోంచే.

సెక్షన్ 245 నోటీసు తీరు వేరు. ఈ ఏడాది రావలసిన రిఫండును పాత బకాయికి సర్దుకుంటామని అది ముందుగా తెలుపుతుంది. 21 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే సర్దుబాటు జరిగిపోతుంది. తమ పేరు మీద ఏదో పాత బకాయి ఉందని చాలామందికి మొదట తెలిసేది దీనివల్లే. ముందుగా చెప్పకుండా రిఫండ్లు సర్దుకోవడం, టీడీఎస్ లెక్కలు కుదరక జనం ఇబ్బంది పడడం గురించి అందిన లేఖను ఢిల్లీ హైకోర్టు తనంతట తాను వ్యాజ్యంగా స్వీకరించింది. 2013 మార్చిలో శాఖకు వివరమైన ఆదేశాలిచ్చింది.

డిమాండ్ నోటీసును చదవడం

ఈమెయిల్‌లో వచ్చే ఇంటిమేషన్ పీడీఎఫ్‌కు తాళం ఉంటుంది. పాన్‌ను చిన్న అక్షరాల్లో కొట్టి, పక్కనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెలు వేస్తే తెరుచుకుంటుంది. లోపల పొడవైన పట్టికలో పక్కపక్కనే రెండు నిలువు వరసలు ఉంటాయి. ఒకటి రిటర్నులో చూపిన అంకె, రెండోది శాఖ లెక్కగట్టిన అంకె. పై నుంచి కిందికి రెండు వరసలనూ వేలు పెట్టి చూసుకుంటూ పోతే అంకెలు మొదట ఎక్కడ విడిపోయాయో అక్కడే తగవు ఉంది. జీతం వరసలో తేడా ఉంటే ఆదాయం గొడవ. తగ్గింపుల్లో ఉంటే 80సి వంటి మినహాయింపు ఒప్పుకోలేదన్నమాట. ఆదాయం, పన్ను రెండుచోట్లా ఒకటే ఉండి కట్టిన పన్ను దగ్గర మాత్రమే తేడా వస్తే అది టీడీఎస్ లేదా చలానా సమస్య. 234ఎ, 234బి, 234సి వడ్డీల దగ్గరే తేడా ఉంటే ముందస్తు పన్ను ఆలస్యమో, రిటర్ను ఆలస్యమో కారణం. నోటీసు అందిన తేదీని రాసిపెట్టుకోవాలి. కట్టడానికీ, అప్పీలుకూ గడువులు దాన్నిబట్టే నడుస్తాయి.

డిమాండ్ అందాక కట్టడానికి 30 రోజుల గడువు. అది దాటితే సెక్షన్ 220(2) కింద నెలకు 1 శాతం వడ్డీ. నెలలో కొంత భాగం గడిచినా పూర్తి నెల కిందే లెక్క. వడ్డీ లెక్కకు అసలులో వందకు లోపలి చిల్లర వదిలేస్తారు. 23,460 రూపాయల బకాయికి 23,400 మీద నెలకు 234 రూపాయలు పడుతుంది. చూడ్డానికి చిన్నదే. నాలుగేళ్లు పట్టించుకోకపోతే వడ్డీ ఒక్కటే 11 వేలు దాటుతుంది.

జవాబు ఇచ్చే పద్ధతులు

ఆదాయపు పన్ను పోర్టల్‌లో పెండింగ్ పనుల కింద బకాయి డిమాండ్‌కు జవాబిచ్చే చోటు ఉంటుంది. డిమాండ్ సరైనదేనని ఒప్పుకోవచ్చు, లేదా పూర్తిగానో కొంత మేరకో కాదనవచ్చు. సరైనదేనని ఒకసారి ఒప్పుకున్నాక అక్కడే మాట మార్చడం కుదరదు కాబట్టి లెక్క చూసుకోకుండా ఆ మీట నొక్కకూడదు. కాదన్నప్పుడు కారణం ఎంచుకుని ఆధారాలు జతచేయాలి. పన్ను ఇదివరకే కట్టి ఉంటే చలానాలోని ఏడంకెల బీఎస్ఆర్ కోడు, తేదీ, చలానా వరస సంఖ్య ఇస్తారు.

ఒప్పుకున్న బకాయిని ఈ-పే ట్యాక్స్ ద్వారా కట్టేటప్పుడు మైనర్ హెడ్ 400 ఎంచుకోవాలి. అది మదింపు తర్వాతి పన్నుకు. రిటర్నుతోపాటు కట్టే స్వీయ మదింపు పన్నుకు 300, ముందస్తు పన్నుకు 100. డబ్బు కట్టాక కూడా బకాయి తొలగనప్పుడు మొదట అనుమానించవలసింది ఈ అంకెనూ, మదింపు సంవత్సరాన్నూ.

ఒకేసారి కట్టలేనివారికీ దారి ఉంది. గడువు పొడిగించమనో, వాయిదాలు ఇవ్వమనో 220(3) కింద మదింపు అధికారిని కోరవచ్చు. ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తమంతా ఒకేసారి కట్టవలసి వస్తుంది. నిజమైన కష్టం, తన చేతిలో లేని కారణం, విచారణలో సహకారం ఈ మూడూ రుజువైతే 220(2ఎ) కింద వడ్డీ తగ్గించే అధికారం ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయి అధికారులకు ఉంది.

అంకెల తప్పు, టీడీఎస్ జమ కాకపోవడం వంటి పైకి కనిపించే పొరపాట్లకు సెక్షన్ 154 సవరణ దరఖాస్తు సరిపోతుంది. సవరించవలసిన ఉత్తర్వు ఇచ్చిన ఆర్థిక సంవత్సరం చివరి నుంచి నాలుగేళ్లలో దాన్ని వేయవచ్చు. దరఖాస్తు అందిన నెల ముగిశాక ఆరు నెలల్లో అధికారి తేల్చాలి. దరఖాస్తు వేసినంత మాత్రాన 30 రోజుల గడువు ఆగదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

అప్పీలు, స్టే

చట్టాన్ని అన్వయించడంలోనే తేడా ఉంటే కమిషనర్ (అప్పీళ్లు) లేదా జాయింట్ కమిషనర్ (అప్పీళ్లు) ముందుకు ఫారం 35తో 30 రోజుల్లో వెళ్లాలి. రుసుము మదింపైన ఆదాయాన్నిబట్టి 250 నుంచి 1,000 రూపాయలు. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నిస్తారు. ఆపై మెట్టు 1941లో ఏర్పడిన ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్. దానికి హైదరాబాదులో, విశాఖపట్నంలో బెంచీలున్నాయి. చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటే హైకోర్టుకు వెళ్లవచ్చు.

అప్పీలు వేస్తే వసూలు దానంతటదే ఆగదు. స్టే వేరుగా అడగాలి. వసూలు, స్టేలపై 1993 నాటి 1914వ నంబరు సూచనను సవరిస్తూ, వివాదంలో ఉన్న డిమాండ్‌లో కొంత వాటా కడితే మామూలుగా స్టే ఇవ్వవచ్చని బోర్డు చెప్పింది; ఆ వాటాను 2016లో 15 శాతంగా, 2017 జూలైలో 20 శాతంగా పెట్టింది. ఆ 20 శాతం అధికారుల చేతులు కట్టేసే నియమం కాదని, తగిన కేసుల్లో అంతకు తక్కువకూ స్టే ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2018లో ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో స్పష్టం చేసింది.

వసూలు, జప్తు

గడువు దాటి, స్టే లేని వ్యక్తిని చట్టం బకాయిదారుగా చూస్తుంది. సెక్షన్ 221 కింద బకాయి మొత్తానికి మించని జరిమానా వేయవచ్చు. దానికి ముందు అతని మాట వినాలి. 226(3) కింద బ్యాంకుకు, యజమానికి, అద్దెదారుకు నోటీసిచ్చి, బకాయిదారుకు ఇవ్వవలసిన సొమ్మును నేరుగా శాఖకు కట్టించుకోవచ్చు. ఏటీఎం దగ్గర కార్డు పనిచేయక, బ్యాంకుకు వెళ్తే ఖాతా జప్తులో ఉందని తెలిసే పరిస్థితి ఈ సెక్షన్ వల్లే వస్తుంది.

ఆ తర్వాత కేసు ట్యాక్స్ రికవరీ ఆఫీసరు చేతికి వెళ్తుంది. రెండో షెడ్యూలు ప్రకారం ఆయన 15 రోజుల్లో కట్టమని నోటీసిస్తాడు. అది అందాక ఆస్తి అమ్మడానికి, తనఖా పెట్టడానికి వీల్లేదు. చరాస్తి, స్థిరాస్తి జప్తు, వేలం, చివరకు సివిల్ జైలు కూడా ఆ షెడ్యూలులో ఉన్నాయి. మహిళలను, మైనర్లను అలా నిర్బంధించరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుంచి మినహాయించిన ఆస్తులు ఇక్కడా మినహాయింపే. వంట పాత్రలు, చేతివృత్తివారి పనిముట్లు, రైతు ఎడ్లు, వ్యవసాయ పరికరాలు ఆ జాబితాలో ఉన్నాయి. ఉద్దేశపూర్వకంగా పన్ను చెల్లింపు ఎగవేసినట్టు రుజువైతే 276సి(2) కింద మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది.

జీఎస్టీ, ఇంటిపన్ను

జీఎస్టీలో రిటర్నుల మధ్య తేడా కనిపిస్తే ఏఎస్ఎంటీ-10, సంజాయిషీ నోటీసుకు సారాంశంగా డీఆర్‌సీ-01, చివరి ఉత్తర్వుకు డీఆర్‌సీ-07 వస్తాయి. జవాబు డీఆర్‌సీ-06లో ఇస్తారు, స్వచ్ఛందంగా కట్టేది డీఆర్‌సీ-03లో. అప్పీలుకు మూడు నెలల గడువు, వివాద పన్నులో 10 శాతం ముందు జమ చేయాలి.

2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లావాదేవీల మొత్తం చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. తాజా కూరగాయలు అమ్మే ఒకరికి సుమారు 29 లక్షల రూపాయల డిమాండ్ వచ్చింది. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు. చేతికి వచ్చిన డబ్బంతా పన్ను పడే అమ్మకం కాదని చూపించే కొనుగోలు చిట్టీలు, లెక్కల పుస్తకం ఎంత అవసరమో చిన్న దుకాణదారులకు ఈ ఘటన గట్టిగా తెలిపింది.

ఇంటిపన్ను సంగతి మునిసిపల్ చట్టాలది. హైదరాబాదులో అర్ధ సంవత్సర గడువు దాటిన ఆస్తిపన్నుకు నెలకు 2 శాతం అపరాధ వడ్డీ పడుతుంది. ఆదాయపు పన్ను ఆలస్యపు వడ్డీకి ఇది రెట్టింపు.

అమెరికాలోని తెలుగువారికి వచ్చే నోటీసులు

అమెరికాలో ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్ఎస్. రిటర్ను తర్వాత బకాయి ఉంటే తపాలాలో మొదట వచ్చేది సాధారణంగా సీపీ14. యజమానులు, బ్యాంకులు పంపిన వివరాలకూ రిటర్నుకూ పొంతన లేకపోతే సీపీ2000 వస్తుంది. అది బిల్లు కాదు, ప్రతిపాదన. దానికి జవాబు లేకపోతే వచ్చే లోటు నోటీసుపై ట్యాక్స్ కోర్టుకు వెళ్లడానికి 90 రోజులు, నోటీసు అమెరికా బయటి చిరునామాకు పంపినదైతే 150 రోజులు గడువు. వీసా ముగిసి హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చినవారు పాత అపార్ట్‌మెంట్ చిరునామాను మార్చుకోకపోతే ఈ గడువులు వారికి తెలియకుండానే గడిచిపోతాయి.

నకిలీ నోటీసులు

2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే ప్రతి ఉత్తరానికీ డిన్ అనే పత్ర గుర్తింపు సంఖ్య ఉండాలి. కొన్ని ప్రత్యేక సందర్భాలు తప్ప అది లేని నోటీసు చెల్లదని బోర్డు ఆ ఏడాది ఆగస్టు 14న ప్రకటించింది. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కాకుండానే, ఆ సంఖ్యను సరిచూసుకోవచ్చు. బ్యాంకు పిన్, ఓటీపీ, కార్డు వివరాలు అడిగే ఈమెయిల్, రిఫండు ఇస్తామంటూ లింకు పంపే సందేశం శాఖవి కావు.

పాత బకాయిల మాఫీ

1962 నాటి నుంచి తేలకుండా ఉన్న చిన్న డిమాండ్లు శాఖ పుస్తకాల్లో పేరుకుపోయి, కొత్త రిఫండ్లకు అడ్డుపడుతూ వచ్చాయి. 2024 ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ వీటిని ఉపసంహరిస్తామని ప్రకటించారు. 2009–10 ఆర్థిక సంవత్సరం దాకా ఒక్కో డిమాండ్ 25 వేల రూపాయల వరకు, 2010–11 నుంచి 2014–15 దాకా 10 వేల వరకు రద్దవుతుంది. సుమారు కోటి మందికి మేలు జరుగుతుందని ఆమె చెప్పారు. అదే నెల 13న వెలువడిన ఉత్తర్వు ఒక్కొక్కరికి మొత్తం లక్ష రూపాయల పరిమితి పెట్టింది. టీడీఎస్ కోసేవారిపై ఉన్న డిమాండ్లను మినహాయించింది, ఇదివరకే కట్టినవారికి వాపసు ఉండదని చెప్పింది. రద్దయిన బకాయిల వివరాలు పోర్టల్‌లో ఎవరి ఖాతాలో వారికి కనిపిస్తాయి.